ఆర్‌ఎక్స్ 100 ముందు షాకులు కుంగితే: పైపు ముక్క నుంచి కొత్త స్ప్రింగుల దాకా

నాది 1995 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100. ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాకులు) కుంగిపోతే మొదట పైపు ముక్కలతో పైకి లేపి చాలాకాలం లాగించాను. ఆ తర్వాత కొత్త స్ప్రింగులు వేయించి మూడేళ్లు దాటింది. రెండూ విజయవాడ ఎండలోనూ గుంతల్లోనూ వాడి చూశాక రాస్తున్నాను. ఇన్నేళ్లు వాడిన పాత స్ప్రింగు కుంగితే కంపెనీని అనడానికేమీ లేదు. ట్యాంకు మీద 26 కేజీల బియ్యం బస్తాలు మోసిన బండి ఇది.

బ్రేకు పట్టగానే బండి ముందుకు మోకరిల్లేది. స్పీడ్ బ్రేకర్ దిగితే ఠక్కున ఇనుము ఇనుముకు కొట్టిన చప్పుడు. రాత్రిపూట హెడ్‌లైటు వెలుగు చక్రానికి కాస్త ముందే పడిపోయేది. ఇలాంటప్పుడు చాలామంది హెడ్‌లైటును పైకి తిప్పి ఊరుకుంటారు. వంగింది లైటు కాదు, బండి.

షెడ్డులో ఎవరిని అడిగినా మొదటి మాట ఒకటే: “ఫోర్క్ ఆయిల్ మార్చేస్తే సరిపోద్ది అన్నా.” సరిపోదు. బరువును మోసేది స్ప్రింగు. ఆయిల్ పని ఆ స్ప్రింగు ఎంత వేగంగా కుంగాలో, ఎంత వేగంగా లేవాలో చూసుకోవడం వరకే. చిక్కటి ఆయిల్ పోస్తే ఫోర్కు నెమ్మదిగా కదులుతుంది, చేతులకు గట్టిగా తగులుతుంది, కానీ నిలబడ్డ బండి ఎత్తు మారదు. గేర్‌బాక్సుకు తెచ్చిన 20డబ్ల్యూ-40 ఆయిల్ మిగిలితే దాన్నే ఫోర్కులో పోసేవాళ్లూ ఉన్నారు. గతుకుల రోడ్డు మీద మణికట్లే చెబుతాయి తేడా.

డబ్బు పెట్టే ముందు టేపు పెట్టి కొలవండి. సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరు బరువు పెడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అప్పుడు డస్ట్ సీలు (ఫోర్కు గొట్టం చుట్టూ దుమ్ము ఆపే రబ్బరు) నుంచి కింది క్లాంపు (ఆ గొట్టాలను పట్టి ఉంచే కింది బిగింపు) దాకా ఎంతుందో రాసుకోండి. తర్వాత స్టాండు తీసి, మీరు సీటు మీద కూర్చుని, రెండు కాళ్లూ పైకి పెట్టుకుని (పక్కన ఒకరు పట్టుకోవాలి) మళ్లీ కొలిపించండి. రెండు కొలతల తేడాయే ఫోర్కు దిగింది. దాని మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా దిగడం మామూలే. నాది సగం దాటింది. ఇక ఆయిల్ గురించి మాట్లాడుకోవడం దండగ.

స్ప్రింగు మీద నేరం మోపే ముందు ఇంకో రెండు చూడాలి. ఫోర్కును కిందికి నొక్కి వదిలితే సగంలో పట్టేసినట్టు ఆగుతోందంటే ట్యూబు (స్ప్రింగు ఉండే ఫోర్కు గొట్టం) వంగి ఉండొచ్చు, యాక్సిల్ (చక్రం ఇరుసు) వంకరగా బిగిసి ఉండొచ్చు. ట్యూబు తీసి అద్దం పలక మీద దొర్లిస్తే వంపు కంటికే తెలుస్తుంది. యాక్సిల్ విషయమైతే నట్టు కాస్త వదులు చేసి, ఫోర్కును నాలుగైదు సార్లు నొక్కి వదిలి, అప్పుడు బిగించాలి. హ్యాండిల్ తిప్పుతుంటే నడిమధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే అది కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) జబ్బు. ఫోర్కుతో సంబంధం లేదు.

ఇక పైపు ముక్క. స్ప్రింగు పైన, పైమూత కింద, అంగుళం పొడవు ప్లాస్టిక్ పైపు, అటూ ఇటూ ఇనుప వాషర్లు. ఖర్చు దాదాపు లేనట్టే. బండి వెంటనే లేచింది, లైటు రోడ్డు మీదికొచ్చింది. కానీ దీంతో స్ప్రింగు బలం పెరగదు, ముందే కొంత నొక్కి పెట్టడం వల్ల ఎత్తు పెరుగుతుంది, అంతే. ఇద్దరం ఎక్కి గుంతలో దిగితే మళ్లీ ఆ ఠక్ చప్పుడే. ముక్క మరీ పొడవు పెడితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి బిగుసుకుపోతాయి, ఫోర్కు పైకి లేచేటప్పుడు కూడా కొట్టుకుంటుంది. వేసవి చివర్లో మూత విప్పి చూస్తే ప్లాస్టిక్ అంచు వాషరు దగ్గర నలిగి పువ్వులా విచ్చుకుంది. ఆటోనగర్ లేత్ షాపులో అల్యూమినియం ముక్కలు కోయించాక ఆ బెడద పోయింది, మిగతాదంతా షరా మామూలే.

కొత్త స్ప్రింగులు పాతవాటి పక్కన నిలబెడితే పొడవులో వేలి మందమంత తేడా. మార్కెట్లో దొరికేవన్నీ ఒక రకం కాదు. తీగ మందం, చుట్ల లెక్క, పొడవు మూడూ పోల్చి కొనండి, రెండూ కలిపి ఒకే జత తీసుకోండి. చుట్లు ఒక చివర దగ్గరగా ఉంటే, ఆ చివర పైకి ఉందో కిందికి ఉందో పాతవి తీసేటప్పుడే చూసుకోవాలి. మూత బిగించడానికి ఇద్దరుండాలి. ఒకరు బలమంతా పెట్టి నొక్కుతుంటే ఇంకొకరు మర తిప్పాలి. తొందరపడితే మర చెడుతుంది, ట్యూబు పోతుంది. మాకు స్ప్రింగుల కన్నా కూలీ ఎక్కువైంది, కానీ ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీళ్లూ ఆయిలూ అదే విప్పుడులో మార్పించుకున్నాం.

ఇప్పుడు బ్రేకు పట్టినా ముందు భాగం అదుపులో ఉంటుంది. ఇద్దరం ఎక్కి, సంచులు తగిలించుకున్నా అడుగుకు కొట్టలేదు. మొదట్లో కాస్త ఎత్తుగా అనిపించింది, కొన్ని వారాలకు స్ప్రింగులు సర్దుకున్నాయి. ఒంటరిగా వెళ్లేటప్పుడు సిమెంటు రోడ్డు జాయింట్లు మునుపటికన్నా తెలుస్తాయి. అది నాకు పట్టింపు కాదు, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

మిగిలింది ఎడమ ట్యూబు. పైభాగంలో క్రోము మీద తుప్పు చుక్కలున్నాయి. ఫోర్కు కుంగి ఉన్నప్పుడు సీలు వాటి మీదే తిరిగి కోసుకుపోయేది, బండి లేచాక అంత పైకి పోవడం తగ్గింది. అయినా వర్షాకాలం తర్వాత సన్నటి ఆయిల్ చెమ్మ కనబడుతోంది. కింద ఉన్నది డ్రమ్ బ్రేకు, అందులోకి ఆయిల్ దిగితే బండి ఆగదు. అందుకని ఈసారి సీలు ఒక్కటే కాకుండా ట్యూబే మార్పిద్దామని వెతుకుతున్నాను.