కుడి చేతికి అందని కడ్డీ: బాత్రూం సామాన్లతో మూడున్నరేళ్లు

మా అత్తయ్యకి 2021 డిసెంబరులో పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. ఫిజియోథెరపీ మొదలుపెట్టిన రెండు నెలలకి నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని గదిలో తిరగగలిగారు. మాది గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు, బాత్రూం వెనక వరండా చివర. ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి ఎవరినీ లేపకుండా ఒక్కరే వెళ్లారు. కాలు జారబోతే టవల్ రాడ్డు పట్టుకున్నారు. అది ప్లాస్టిక్ ప్లగ్గులతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. ఎముక విరగలేదు కానీ పదిహేను రోజులు మంచం మీదే.

ఆ భయంలో ఒక్క వారంలో ఏవేవో కొనేశాం. వాటిలో ఏవి నిలబడ్డాయో, ఏవి అటక ఎక్కాయో రాస్తున్నాను.

మొదట కొన్నది గోడకి గాలి పట్టుతో అంటుకునే ప్లాస్టిక్ హ్యాండిల్. డ్రిల్లింగ్ అక్కర్లేదు, రెండు మీటలు నొక్కితే చాలు అని తీసుకున్నాం. మా బాత్రూంలో టైల్స్ చిన్నవి, మధ్యలో గాడులు. ఆ గాడి మీద పడితే పట్టు నిలవదు. నున్నటి టైలు మీద పెట్టినా రెండో రోజుకి సడలింది. గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది, బరువు వేస్తే వస్తుంది. టవల్ రాడ్డుకీ దీనికీ తేడా లేదు. ఎవరైనా ఊరికే ఇస్తామన్నా వద్దనండి.

తర్వాత మేస్త్రిని పిలిచి స్టీలు గ్రాబ్ బార్లు, అంటే పట్టుకుని లేవడానికి గోడకి బిగించే కడ్డీలు, రెండు పెట్టించాం. ఇక్కడ తప్పు నాది. కమోడ్ పక్కన ఒకవైపే గోడ ఉంది. నేను కమోడ్‌కి ఎదురుగా నిలబడి చూశాను, గోడ నా కుడిచేతి వైపు. ఆవిడకి బాగున్నది కుడి చెయ్యే కదా అని అక్కడే బిగించమన్నాను. మేస్త్రి వెళ్లిపోయాక అత్తయ్య వెనక్కి తిరిగి కమోడ్ మీద కూర్చున్నారు. బార్ వెళ్లి ఎడమ చేతి పక్కన ఉంది. కాసేపు దాన్ని చూసి, "అమ్మాయ్, ఇది నీకు పెట్టించుకున్నావా, నాకా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కుడివైపు గోడ లేదు కాబట్టి కమోడ్ చుట్టూ నేల మీద నిలబెట్టే స్టీలు ఫ్రేము తెచ్చాం. రెండు వైపులా చేతులుంటాయి. ఒక చేత్తోనే బరువు వేసి లేస్తే అవతలి కాళ్లు పైకి లేచేవి. కమోడ్ సీటు బోల్టులతో కలిపి బిగించే రకం మార్చాక కదల్లేదు. మూడేళ్లుగా రోజుకి ఏడెనిమిది సార్లు వాడుతున్నది ఇదే. కాళ్ల కింది రబ్బరు బూట్లు రెండుసార్లు మార్చాం. అవి అరిగితే ఇనుము టైలు మీద జారుతుంది, నెలకోసారి తిప్పి చూడాలి. సీటు ఎత్తు పెంచే నాలుగంగుళాల ప్లాస్టిక్ రింగు కూడా కొన్నాం. ఆవిడ పొట్టి మనిషి, పాదాలు నేలకి ఆనలేదు. వారంలో తీసేశాం. మోకాళ్లు వంగని పొడగరులకైతే పనికొస్తుందేమో.

స్నానం దగ్గర బిగించిన రెండో బార్ అదృష్టవశాత్తూ కుడివైపే పడింది. ఇటుక గోడలోకి లోతుగా దిగిన మరలు, ఇప్పటికీ కదల్లేదు. బిగించాక మా ఆయన తన బరువంతా వేసి వేలాడి చూశారు, మీరూ అలాగే చూడండి. మేస్త్రి ముందు మామూలు ఇనుప మరలు వేశాడు, ఏడాదికి తుప్పు కారింది. స్టీలు మరలు అడిగి వేయించుకోవాలి. ఇంకో సంగతి, పనిమనిషి బాత్రూం కడగడానికి యాసిడ్ పోసేది. ఆ చుక్కలు పడ్డచోటల్లా బార్ మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. యాసిడ్ మాన్పించాను.

స్నానానికి అల్యూమినియం కుర్చీ. వస్తువు మంచిదే, కానీ దాన్ని షవర్ కింద కూర్చునేవాళ్ల కోసం చేశారు. మనది బకెట్, చెంబు. కుర్చీ ఎత్తుగా, బకెట్ కింద. ప్రతి చెంబుకీ వంగాలి, వంగినప్పుడల్లా ఒరిగిపోయేవారు. ఈ కిటుకు ఏ షాపువాడూ చెప్పలేదు. కుడిచేతి పక్కన బరువైన సిమెంటు దిమ్మ వేయించి బకెట్ దాని మీద పెట్టాం. వంగే పని పోయింది. పెట్టిన ఖర్చులన్నిట్లో చవకైనది ఇదే, ఎక్కువ మేలు చేసిందీ ఇదే.

రబ్బరు మ్యాట్ గురించి ఎక్కువ చెప్పను. మా బోరు నీళ్లకి అడుగున ఉండే గిన్నెల్లాంటి బుడిపెలు తెల్లగా పెచ్చు కట్టి నాలుగు నెలలకే అంటుకోవడం మానేశాయి. అంటుకోని మ్యాట్ అసలు లేనిదానికంటే ప్రమాదం. చివరికి ఆ నున్నటి టైల్స్ పీకించి గరుకు టైల్స్ వేయించాం. వాటి మీద కూడా తలంటు రోజున కుంకుడు రసం, నూనె కలిస్తే పాదం నిలవదు. అందుకే తలంటు అయ్యాక వేడినీళ్లు పోసి నేల కడిగి, తుడిచాకే ఆవిడ కుర్చీలోంచి లేస్తారు. భోగి రోజు అయినా సరే.

తలుపు సంగతి డబ్బాల మీద ఎక్కడా ఉండదు. మా తలుపు లోపలికి తెరుచుకునేది. మనిషి లోపల తలుపుకి అడ్డంగా పడితే తెరవలేం. వడ్రంగితో బయటికి తెరుచుకునేలా తిప్పించి, లోపలి గడియ తీయించాను. గడియ తీసినందుకు అత్తయ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ బాధా న్యాయమే. బయట గంట కట్టిన తెర వేసి రాజీ పడ్డాం.

పగలు కేర్‌టేకర్ అమ్మాయి ఉంటుంది, ఎనిమిదింటి నుంచి ఆరింటి దాకా. మొదట్లో చంకల కింద చేతులు పెట్టి లేపేది. ఎడమ భుజం నొప్పి మొదలైంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకుని, బలహీనమైన వైపు నిలబడి లేపాలని ఫిజియోథెరపిస్ట్ చూపించారు. ఆ బెల్టు నేను కొన్నవాటిలో రెండో మంచి వస్తువు.

కానీ భయమంతా రాత్రే. మంచం పక్కన గంట, వరండాలో మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టాం. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పడుకుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగొచ్చు, మంచం అంచున కాసేపు కూర్చుని లేవమని డాక్టరు చెప్పారు. నీరు పోయే మాత్ర పొద్దున్న వేసుకునేలా మార్చింది కూడా ఆయనే, దాంతో రాత్రి లేవడం మూడుసార్ల నుంచి ఒకసారికి తగ్గింది.

మిగిలింది వరండా గడప, నాలుగంగుళాల ఎత్తు. తీయిస్తానంటే ఒప్పుకోలేదు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టే గడప మరి. సరే అని ద్వారబంధానికి నిలువు బార్ పెట్టిద్దామనుకున్నాం. ఈసారి మేస్త్రి డ్రిల్ తీయకముందే ఆవిడని అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిపించాను. వెళ్లేటప్పుడు ద్వారబంధం ఒక పక్క నిలువు కమ్మీ, వచ్చేటప్పుడు అవతలి పక్క కమ్మీ కుడిచేతికి వచ్చాయి. రెండిటికీ చెరొక బార్ బిగించాం. ఎత్తు ఎంతో ఆవిడే సుద్దముక్కతో గీత గీశారు.