మోకాలికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: మూడో ఏట నా మాట

అసలు విషయం ముందే చెబుతాను. కుడి మోకాలికి వేయించుకున్న స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌తో నాకు నొప్పి బాగా తగ్గింది. కీలులో ఎముకల మధ్య అరిగిన గుజ్జు మాత్రం పెరగలేదు. నొప్పి తగ్గడం వేరు, గుజ్జు పెరగడం వేరని ఎవరూ విడమర్చి చెప్పక చాలామంది అప్పుచేసి మరీ ఈ వైద్యానికి వెళ్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను గుంటూరులో హైస్కూల్ టీచర్‌గా రిటైరయ్యాను. ఎక్స్‌రే చూసి కుడి మోకాలు అరుగుదల గ్రేడ్ 3, ఎడమది గ్రేడ్ 2 అన్నారు. ఈ లెక్క 0 నుంచి 4 దాకా ఉంటుంది. 4 వచ్చిందంటే ఎముకల మధ్య సందు దాదాపు లేనట్టే. మెట్లు ఎక్కడం కంటే దిగడమే నాకు నరకంగా ఉండేది. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

మొదట ఒక క్లినిక్‌కి వెళ్లాం. పొట్ట కొవ్వులోంచి కణాలు తీసి ఎక్కిస్తామని, ఆరు నెలల్లో కొత్త గుజ్జు వస్తుందని, ఆపరేషన్ అవసరమే ఉండదని చెప్పారు. దీనికి ప్రభుత్వ అనుమతి కాగితం ఏదని మా అమ్మాయి అడిగితే, పేషెంట్ల వీడియోలు చూపించారు. లేచి వచ్చేశాం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్ వైద్యం మామూలు చికిత్సగా చెల్లేది కొన్ని రక్త సంబంధమైన జబ్బుల్లాంటి వాటికే. మిగతా వాటికి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే మందును మనుషుల మీద పరీక్షించే అధ్యయనంలోనే, ఇవ్వాలి. మోకాళ్ల నొప్పులతో విసిగిపోయిన పెద్దవాళ్లకు ఈ సంగతి దాచిపెట్టి ఆశ అమ్మడం ఘోరం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నేను తీసుకున్నది వేరే. బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ తయారు చేయగా, ఆల్కెమ్ సంస్థ స్టెమ్‌వన్ పేరుతో అమ్ముతున్న మందు. మోకాళ్ల అరుగుదలకు దీనికి 2022లో మందులకు అనుమతులిచ్చే డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి వచ్చింది. ఇందులో మన సొంత కణాలు ఉండవు. ఆరోగ్యవంతులైన దాతల ఎముక మజ్జ నుంచి తీసి, ల్యాబ్‌లో పెంచి, అతి చల్లగా గడ్డకట్టించి దాచిన కణాలు. మన దేశంలో దీని మీద జరిగిన మూడో దశ పరీక్షలో 146 మంది పాల్గొన్నారు, అందరూ గ్రేడ్ 2, 3 వాళ్లే. ఒక్క మోతాదులో 2.5 కోట్ల కణాలు ఇచ్చి ఏడాది తర్వాత చూస్తే, కణాలు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే వీళ్లకు నొప్పి, బిగుసుకుపోవడం తగ్గాయి.

మా డాక్టర్‌గారు ఒకటే మాట అన్నారు. "అమ్మా, గుజ్జు మొలుస్తుందని నేను చెప్పను. నొప్పి తగ్గొచ్చు, ఆపరేషన్ కొన్నేళ్లు వాయిదా పడొచ్చు. తగ్గకపోవడానికీ అవకాశం ఉంది." ఆ మాట మీద నమ్మకంతోనే ఒప్పుకున్నాను. ఈ కణాలు మోకాల్లో కొత్త గుజ్జుగా మారవని, అవి విడుదల చేసే పదార్థాలు లోపలి వాపును చల్లారుస్తాయని ఆయనే వివరించారు.

ఇంజెక్షన్ సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేశారు, వెనకే కీలులో జారుడు కోసం వేసే హైలురానిక్ ఆసిడ్ కూడా. సాయంత్రానికి ఇంటికి పంపారు. మొదటి వారం మోకాలు వాచింది, నొప్పి ముందుకంటే ఎక్కువైంది. పనికిరాలేదేమోనని టెన్షన్ పడ్డాం. తగ్గడం మొదలైంది రెండో నెలలో. ఆరు నెలలు గడిచేసరికి రాత్రి నిద్ర పట్టింది, పెయిన్ కిల్లర్ రోజూ వేసుకోవడం మానేశాను. బీపీ ఉన్న నాకు ఈ ఒక్కటీ పెద్ద లాభం.

ఏడాది తర్వాత మళ్లీ ఎమ్మారై తీయించాం. గుజ్జు మందం అంతే ఉంది. తగ్గలేదు, పెరగలేదు. అంతకు మించి కోరుకోవడానికి లేదని డాక్టర్‌గారు అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

ఇంతకూ ఈ ఫలితం ఇంజెక్షన్‌దేనా? పూర్తిగా అవునని అనలేను. అదే సమయంలో ఫిజియోథెరపీ మొదలుపెట్టాను. మంచం మీద పడుకుని కాలు చాపి ఎత్తడం, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి నొక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. తొడ కండరం గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. రాత్రి అన్నం మాని బరువు కొంత తగ్గాను. బరువు ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. నిరుడు మనవడి పెళ్లి హడావిడిలో వ్యాయామం మానేస్తే కొద్ది వారాల్లోనే బిగుతు మళ్లీ మొదలైంది. ఇంజెక్షన్ వేయించుకున్నా సరే. అమెరికాలో జరిగిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. 475 మందిలో మూడు రకాల కణ చికిత్సలను మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోలిస్తే, ఏడాది తర్వాత నొప్పి విషయంలో ఏదీ దానికంటే మెరుగ్గా తేలలేదు. అందులో వాడింది నేను తీసుకున్న మందు కాదు. అయినా డబ్బు కట్టే ముందు ఇది తెలిసి ఉండాలి.

ఖర్చంతా మా సొంతమే. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమాలో చేర్చమన్న స్టెమ్ సెల్ వైద్యం రక్తసంబంధ వ్యాధుల్లో చేసే ఎముక మజ్జ మార్పిడి వరకే. మా క్లెయిమ్ తిరిగొచ్చింది. మరోవైపు మోకాలి మార్పిడిలో వాడే కోబాల్ట్ క్రోమియం లోహపు ఇంప్లాంట్‌కి (కృత్రిమ కీలుకి) 2017లో ప్రభుత్వం 54,720 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఆసుపత్రి ఖర్చు వేరే అనుకోండి. గ్రేడ్ 4 వచ్చి కాలు వంకర తిరిగిన మా వదినగారు నన్ను చూసి ఇంజెక్షన్ వేయించుకుంటానంటే నేనే వద్దన్నాను. ఆవిడ ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడు తిరుమల మెట్ల గురించి మాట్లాడుతున్నారు.

మూడో ఏడు వచ్చేసరికి నాకు నొప్పి కొంచెం తిరిగి వస్తోంది, చలికాలం పొద్దున్నపూట ముఖ్యంగా. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఇప్పటికీ రాదు. పూజకు ఎత్తు స్టూల్ వేసుకుంటాను. ఎడమ మోకాలికి వేయించుకుంటారా అని అడుగుతున్నారు. వేయించుకోను. గ్రేడ్ 2 కాబట్టి వ్యాయామంతోనే నెట్టుకొస్తాను. కుడిది మళ్లీ నిద్ర చెడగొట్టే దాకా వస్తే ఈసారి నేరుగా మార్పిడి ఆపరేషన్‌కే వెళ్తానని ఇంట్లో చెప్పేశాను.