కైరోలో కుషరీ, అస్వాన్‌లో టీ: ఎక్కడ దిగాం, ఏం తిన్నాం

ఈజిప్ట్ రాజధాని కైరోలో హోటల్ వెతికేటప్పుడు అందరి కళ్ళూ పిరమిడ్ల మీదే ఉంటాయి. చూడాల్సింది ట్రాఫిక్. గీజా నైలుకి పడమర, ఊరి చివర ఉంటుంది. తహ్రీర్ స్క్వేర్‌లోని పాత మ్యూజియం, ఖాన్ ఎల్ ఖలీలీ బజారు, మంచి హోటళ్ళు చాలావరకు తూర్పు ఒడ్డున. సాయంత్రం ఇటునుంచి అటు వెళ్ళడానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే పిరమిడ్లు, వాటి దగ్గరే 2025లో పూర్తిగా తెరిచిన కొత్త గ్రాండ్ మ్యూజియం ముగించేదాకా గీజాలో ఉండి, తర్వాత సామాను సర్దుకుని డౌన్‌టౌన్‌కి మారాం.

స్ఫింక్స్ గేటు ఎదురుగా నజ్లెత్ ఎల్ సమ్మాన్ అనే పేట ఉంది, నిండా చిన్న హోటళ్ళే. 'పిరమిడ్ వ్యూ' అని అందరూ రాసుకుంటారు. డాబా ఎక్కితే ఎలాగూ అదే వ్యూ. కాబట్టి కిటికీ కోసం అదనంగా కట్టకుండా, డాబా మీదే టిఫిన్ పెడతారా అని అడిగి మామూలు గది తీసుకోవచ్చు. వీధిలో గుర్రాలు, ఒంటెల పేడ వాసన మాత్రం తప్పదు. చేతిలో డబ్బుండి ప్రశాంతత కావాలంటే పిరమిడ్ల దగ్గరే పాత పెద్ద హోటల్ మీనా హౌస్ ఉండనే ఉంది.

డౌన్‌టౌన్‌లో పాత భవనాల పై అంతస్తుల్లో, ఇనుప జాలీ లిఫ్టుల్లో ఎక్కివెళ్ళే చిన్న హోటళ్ళు నాకు బాగా నచ్చాయి. రోడ్డు వైపు గది మాత్రం వద్దు, హారన్లు అర్ధరాత్రి దాటినా ఆగవు. నైలు మధ్య దీవి మీదున్న జమాలెక్ పేట చెట్లతో హాయిగా ఉంటుంది, బిల్లు కూడా అందుకు తగ్గట్టే.

మా అత్తయ్య శాకాహారి. తిండి ఎలా అని బయల్దేరకముందు నుంచే టెన్షన్. ఆ టెన్షన్ డౌన్‌టౌన్‌లోని అబూ తారిక్ హోటల్లో తీరింది. అక్కడ అమ్మేది కుషరీ: అన్నం, మాకరోని, పప్పు, శనగలు, టమాటా పులుసు, పైన కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు. వెల్లుల్లి వేసిన పుల్లటి దక్కా, కారంగా ఉండే శత్తా పక్కనే పెడతారు. శత్తా చుక్కలుగా వేసుకోమన్నా అత్తయ్య వినలేదు, ఆవిడకి ఏమీ కాలేదు కూడా. చిక్కుడు జాతి గింజలతో చేసే తామియా మన గారెలకి చుట్టమే. ఎర్రటి కర్కదే షర్బత్ గోంగూర జాతి మొక్క పూలతో కాస్తారు.

పెద్ద రెస్టారెంట్లలో మెనూ ధర చూసి లెక్క వేసుకోకండి. చాలాచోట్ల దాని మీద 12 శాతం సర్వీస్, 14 శాతం వ్యాట్ పడతాయి. అంతా కట్టాక కూడా వెయిటర్ బక్షీష్ కోసం నిలబడే ఉంటాడు. చిల్లర నోట్లు విడిగా దాచుకోవాలి.

మందు దొరుకుతుంది, కాకపోతే అన్నిచోట్లా కాదు. స్టెల్లా, సకారా అక్కడి బీర్లే కాబట్టి చవక. దిగుమతి సరుకు ఖరీదు. డౌన్‌టౌన్‌లోనే బాబ్ ఎల్ లూక్ దగ్గరున్న హొర్రియా అనే పాత కేఫ్‌లో హంగులేవీ ఉండవు. ఎత్తైన కప్పు, వెలిసిన గోడలు, ఒకపక్క టీ, చదరంగం, ఇంకోపక్క స్టెల్లా. హోటల్ బార్ కంటే నాకు ఇదే నచ్చింది. రంజాన్‌లో వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోండి, చాలా బార్లు మూసేస్తారు.

దేశానికి దక్షిణాన ఉన్న అస్వాన్‌లో 1899 నాటి ఓల్డ్ క్యాటరాక్ట్ హోటల్లో గది మా వల్ల కాదు. కానీ వరండాలో సాయంత్రం టీకి బయటివాళ్ళని కూడా రానిస్తారు. కనీసం ఇంత బిల్లు చేయాలని ఉంటుంది, ఎంతో ముందే అడగండి. మేం అక్కడ టీ తాగి, అక్కడే నైలు మధ్యనున్న ఎలిఫెంటైన్ దీవిలో, నూబియన్లు అనే స్థానిక జాతివాళ్ళ ఇంట్లో పడుకున్నాం. లక్సర్‌లో అయితే పడమటి ఒడ్డే మేలు: ఫారోల సమాధులున్న రాజుల లోయ దగ్గరవుతుంది, గదులు చవక, అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే ఫెర్రీ ఉంది.

నైలు క్రూజ్ మీద నాకు అంత మోజు కలగలేదు. రేవుల్లో పడవలన్నీ పక్కపక్కనే ఆనించి కడతారు. ఎడ్ఫు రేవులో మా కిటికీ తెర తీస్తే కనిపించింది పక్క పడవ గోడే. అయినా వెళ్ళాలనుకుంటే కింది అంతస్తు గది తీసుకుని, పగలంతా పై డెక్ మీద గడపండి.