వీల్ నట్లు: కారుతో వచ్చినవే ఉంచాలా, కొత్త సెట్ కొనాలా?

అలాయ్ వీల్స్ డిజైన్ కోసం నాలుగు షాపులు తిరుగుతాం గానీ, వాటిని పట్టి ఉంచే నట్ల గురించి ఎవరం అడగం. షాపులో డబ్బాలోంచి తీసి ఏవి బిగిస్తే అవే. నిజానికి మన ముందు మూడు దారులున్నాయి: కారుతో వచ్చిన నట్లే వాడుకోవడం, అంచు గరాటులా ఉండే మామూలు కోన్ నట్ల సెట్ కొనడం, లేదంటే సన్నటి ట్యూనర్ నట్లకో లాక్ నట్లకో వెళ్లడం.

ముందు థ్రెడ్, అంటే నట్టు మరలు, చూడాలి. అది కారును బట్టి ఉంటుంది, వీల్ మార్చినా మారదు. స్విఫ్ట్, బలెనో, బ్రెజా లాంటి మారుతీ కార్లలో స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) 12 మి.మీ., పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.25 మి.మీ. హోండా, హ్యుందాయ్ కార్లలో ఎక్కువగా అదే 12 మి.మీ., పిచ్ మాత్రం 1.5. ఇన్నోవా కూడా అంతే. కానీ గ్లాన్జా మీద టయోటా గుర్తున్నా లోపలున్నది బలెనోనే, కాబట్టి దానికి మారుతీ నట్లే పడతాయి. 1.5 నట్టును 1.25 స్టడ్‌కి పెడితే ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. అక్కడ ఆగితే ఏమీ కాదు. నట్లు బిగించే ఇంపాక్ట్ గన్ పెట్టి కొడితే మాత్రం నట్టు ఎలాగోలా ఎక్కేస్తుంది, స్టడ్ థ్రెడ్ పాడవుతుంది. గన్ తీసేముందు ప్రతి నట్టునూ చేత్తో ఐదారు చుట్లు తిప్పమని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

తర్వాత సీటు. ఇది వీల్‌ను బట్టి ఉంటుంది, గొడవంతా ఇక్కడే. నట్టును తిరగేసి వీల్‌కి ఆనే అంచు చూడండి. గరాటులా తిన్నగా ఏటవాలుగా ఉంటే కోన్, గోళీలా గుండ్రంగా ఉంటే బాల్, కింద వాషర్‌తో చదునుగా ఉంటే ఫ్లాట్. బయట దొరికే అలాయ్స్‌లో ఎక్కువ భాగం 60 డిగ్రీల కోన్‌కే తయారవుతాయి. మారుతీ నట్లు కూడా కోనే కాబట్టి, పానా సాకెట్ కొత్త వీల్ రంధ్రంలోకి దూరితే చాలు, కంపెనీ నట్లు మార్చే పనే లేదు. హోండా వాళ్లకి ఆ వెసులుబాటు లేదు. కంపెనీ నట్లు బాల్ సీటువి, వాటిని కోన్ వీల్‌లో బిగిస్తే సన్నటి గీత మేర మాత్రమే ఆనుతాయి. బిగించి విప్పాక సీటు మీద వెడల్పాటి మెరుపు పట్టీకి బదులు దారంలాంటి గీత కనిపిస్తే సంగతి అదే. చేతికి గట్టిగానే అనిపిస్తుంది, రోడ్డెక్కాక వదులవుతుంది. హోండాకి బయటి అలాయ్స్ వేస్తే కోన్ సెట్ కొనాల్సిందే. పాత నట్లు పారేయకండి, కంపెనీ స్టెప్నీ వేసుకోవాల్సి వస్తే అవి డిక్కీలో ఉండాలి.

పోలో, వర్టస్, స్లావియా లాంటి వాటిలో నట్లే ఉండవు, బోల్టులుంటాయి: 14 మి.మీ., పిచ్ 1.5, బాల్ సీటు. కోన్ వీల్‌కి కోన్ బోల్టులు కొనేటప్పుడు పొడవు కూడా కలవాలి. పొట్టిదైతే పట్టు చాలదు, మరీ పొడవైతే వెనక బ్రేక్ భాగాలకు తగలొచ్చు.

ఇక ట్యూనర్ నట్లు. రంధ్రం ఇరుకై మామూలు సాకెట్ దూరని వీల్స్‌కి ఇవి తప్పవు. అలా కాకుండా రంగు చూసి మోజుపడితే మాత్రం నేను వద్దంటాను. విప్పడానికి ప్రత్యేక తాళం కావాలి. అర్ధరాత్రి హైవే మీద పంక్చరై, ఆ తాళం ఇంట్లో షోకేసులో ఉంటే ఉండే టెన్షన్ మీరే ఊహించుకోండి. లాక్ నట్లదీ అదే కథ, కాకపోతే వీల్‌కి ఒకటి చొప్పున వేస్తే దొంగకి కాస్త పని పెరుగుతుంది. కారు రాత్రంతా వీధిలోనే ఉంటుందంటే అర్థముంది. అల్యూమినియం నట్ల జోలికి వెళ్లకండి, అవి రేసు కార్లకి బరువు తగ్గించడానికి. రోజూ తిరిగే కారుకి స్టీలే మేలు, అందులోనూ ఒకే ముక్కగా చేసినవి. పైన పల్చటి క్రోమ్ టోపీ తొడిగిన నట్లు కొన్నాళ్లకి తుప్పుతో ఉబ్బి, సాకెట్ పట్టకుండా మొండికేస్తాయి.

ఏవి కొన్నా బిగింపు కారు పుస్తకంలో చూడండి. 12 మి.మీ. స్టడ్‌లున్న చిన్న కార్లకి సుమారు 100 న్యూటన్ మీటర్లు. 70 కిలోల మనిషి అర మీటరు పైపు చివర ఎక్కి నిలబడితే పడేది 340కి పైనే, స్టడ్ సాగిపోవడానికి ఇలాంటి గట్టితనమే కారణం. బిగింపు కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్, ఉన్న షాపుకే వెళ్లి, నక్షత్రం గీసినట్టు ఎదురెదురు నట్లు బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే రెంచ్‌తో ఒకసారి చూపించండి.