ఎనుమాముల యార్డులో షార్ట్ ఫిల్మ్: వైడా, క్లోజా, మిడ్డా?

వరంగల్‌లో షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలు కథ కన్నా ముందు డ్రోన్ కిరాయి ఎంత అని అడుగుతున్నరు. కథ మిర్చి రైతుదైతే చెప్పనే అక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి బస్తాలతో నిండే ఎనుమాముల మార్కెట్ యార్డును మీది నుంచి చూస్తే నిజంగనే కన్ను తిప్పుకోలేం. అయినా నా ఓటు డ్రోన్‌కు కాదు.

ఒక సీన్ అనుకుందాం. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు గరిష్ట ధర తేల్చే వేలం, అయింది. ఖరీదుదారు మన రైతు బస్తా దగ్గరికొచ్చి, లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, తేమ ఉందంటడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఉందంటడు, పాట కంటే బాగా తగ్గించి రేటు చెప్తడు. ఈ నిమిషాన్ని ఏ షాట్‌లో తీయాలె?

వైడ్ షాట్ చోటు చూపిస్తది, మనిషిని చిన్నగ చేస్తది. అందరూ దాన్ని సీన్ మొదట్లనే పెడుతరు. అప్పటికి మనకు ఆ రైతు ఎవరో తెల్వదు కాబట్టి కనిపించేది ఎర్ర బస్తాలే. అదే షాట్ తక్కువ రేటు విన్న తర్వాత పెడితే, అన్ని బస్తాల నడుమ ఒక్కడు నిలబడ్డట్టు తెలుస్తది. దీనికి డ్రోన్ కూడా అవసరం లేదు, ఏదన్న ఎత్తు మీదికెక్కి తీసినా సరిపోతది, మార్కెట్ వాళ్లను అడిగి.

క్లోజప్ సంగతి వేరు. కన్నీళ్లు నిండిన రైతు ముఖం అందరికీ ఇష్టమే. కానీ మిర్చి యార్డులో ఘాటుకు హమాలీల కాడ్నుంచి అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దాకా అందరి కండ్లల్లో నీళ్లే! అది దుఃఖమో, ఘాటో చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది? పైగా ఫోన్ మెయిన్ లెన్స్‌ను ముఖం దగ్గరికి తీసుకపోతే ముక్కు పెద్దగయి, చెవులు వెనక్కి పోతయి. క్లోజప్‌ను చెయ్యి కోసం దాచుకోండి: గుప్పెట్ల కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటయి, అంటే తేమ లేదన్నట్టే, వేలితో విరిస్తే తొడిమె ఊడుతది. సీను ముడి అంత ఆ చేతిలనే ఉంది.

మిగిలింది మిడ్ షాట్. నడుము పైనుంచి ఇద్దరూ ఫ్రేములో ఉంటరు. ఖరీదుదారు చెయ్యి బస్తాలకు పోతది, రైతు చూపు ఆ చెయ్యి వెంటనే పోతది. ముఖమూ, చెయ్యీ ఒక్కసారే దొరుకుతయి కాబట్టి కట్ లేకుండనే నడుస్తది. కొత్త నటులకు ఇదే నయం, కెమెరా ముక్కు మీదికి రాదు.

మిడ్ తీసేటప్పుడు ఫోన్‌ల 1ఎక్స్‌తో (జూమ్ లేకుండ) దగ్గర నిలబడకుండ, వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ జూమ్ పెట్టండి. వెనక బస్తాలు దగ్గరికొచ్చి, మనిషి మీదికి వొరిగినట్టు కనిపిస్తయి. నమ్మకం లేకపోతే ఖిలా వరంగల్‌ల కీర్తి తోరణం ముందు పరీక్షించండి: మనిషికి దగ్గర నిలబడి తీస్తే తోరణం బొమ్మంత అయితది, వెనక్కి పోయి జూమ్ చేసి మనిషిని అదే సైజుకు తెస్తే వెనకాల పెద్దగ లేస్తది. దూరమే దీనికి కారణం, లెన్స్ కాదు. ఫోన్‌కు వేరే జూమ్ లెన్స్ లేకపోతే జూమ్‌ను ఎక్కువ గుంజకండి, వివరం పోతది. ఖిలాలో స్టాండు, డ్రోన్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలె.

ఇంకొకటి, ఎరుపు. ఎండలో ఫోన్ ఆ రంగును పేల్చేస్తది, కాయలన్నీ ఒక్క ముద్దయితయి. బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించి తీయండి. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా మిర్చి, టమాటలెక్క గుండ్రంగ, క్లోజప్‌కు బాగుంటది. కానీ మిడ్‌లో బస్తా నిండ సన్నటి తేజ రకం మిర్చి చూపించి చెయ్యిల చపాటా పెడితే ఇక్కడోళ్లు వెంటనే పట్టేస్తరు.

డ్రోన్ పైసలు మిగిలితే మంచి కాలర్ మైకు కిరాయికి తెచ్చుకోండి. హమాలీల కేకల నడుమ రైతు "ఇంతేనా సారూ" అన్నది వినపడాలె కదా.