తిప్పతీగె: కషాయం, పొడి, గోలీ, సత్తు – ఆరేళ్లు వాడినాక

ముందే చెప్పేస్తే, తిప్పతీగె నాలుగు రూపాల్లో శ్రమకు తగ్గది పచ్చితీగె కషాయం ఒక్కటే. అదీ కంటితో గుర్తుపట్టి కోసుకున్న తీగెయితే, పదిహేను రోజులు తాగి ఆపేస్తే. పొడి రెండో మెట్టు. గోలీలు ప్రయాణాలకు పనికొస్తాయి. సత్తు, అంటే తీగె నుంచి తీసే తెల్ల పిండి, కొనడం దండగ.

రోగనిరోధక శక్తి కోసమని చాలామంది దీన్ని వాడతారు, కానీ దాన్ని ఇంట్లో కొలిచే తూకం లేదు. ఒక ఏడు జలుబు పట్టలేదంటే అది తీగె పుణ్యమా, జనంలో తిరగనందుకా అని విడదీయలేం. వాడేవాళ్లకు తెలిసేది ఆకలి. నాలుగో రోజుకల్లా ఆకలి లేస్తుంది, జ్వరం పడి లేచినాక నోటికి రుచి తెలుస్తుంది. అంతకు మించి డబ్బా మీద రాసినవన్నీ నమ్మాల్సిన పని లేదు.

తీగెను గుర్తుపట్టడం దగ్గరే సగం మంది పొరపడతారు. ఆకు తమలపాకులా ఉందని కోసుకొస్తే చాలదు, కాడ చూడాలి. పైన ఉల్లిపొరలాంటి పలచటి తొక్క గోటితో గీకితే లేచొస్తుంది, కింద పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే ఎద్దుబండి చక్రంలా గీతలు కనబడతాయి. పైనుంచి సన్నటి దారాల్లా ఊడలు వేలాడతాయి. కాడ బూడిద రంగులో ఉండి, మొటిమల్లా బొడిపెలు ఒత్తుగా ఉంటే వదిలేయండి. అది ఇదే జాతిలో ఇంకో తీగె, టైనోస్పోరా క్రిస్పా. మనది టైనోస్పోరా కార్డిఫోలియా. వేపచెట్టు మీద పాకినదాన్ని ‘యాపతిప్ప’ అని ఎక్కువ మెచ్చుకుంటారు. అంతకంటే ముఖ్యం అది పత్తిచేను గట్టు మీది కంచెలో పాకింది కాకపోవడం. మన దగ్గర పత్తికి కొట్టే మందు గాలికి ముందు పడేది ఆ కంచె మీదే.

కషాయానికి చిటికెన వేలంత మందమున్న తీగె జానెడు చాలు, తూకానికి 20 నుంచి 25 గ్రాములు. కడిగి, పైపొర గీకి, చిన్న ముక్కలు చేసి రోట్లో నార విడేదాకా దంచాలి. కత్తితో తరిగి వేస్తే సారం సరిగా దిగదు. 400 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే రెండు గిలాసలు పోసి, మూత లేకుండా సన్నమంట మీద 100 మిల్లీలీటర్లకు మరిగించాలి. అరగంట పడుతుంది. ఎంతకు దిగిందో కంటితో అంచనా వేస్తే ప్రతిసారీ తేడా వస్తుంది. ముందుగా గిన్నెలో 100 మిల్లీలీటర్లు పోసి, వేపపుల్ల నిలబెట్టి తడిసినచోట గీటు పెట్టుకోండి. ఆ పుల్లే కొలబద్ద. అదే గిన్నె వాడినంత కాలం పని చేస్తుంది.

పరగడుపున తాగితే కొందరికి వికారం. రెండు ఇడ్లీలు తిన్నాక తాగితే ఆ బాధ తక్కువ. మిరియాలు నాలుగు, చిటికెడు శొంఠి వేయడం చలికాలానికి బాగుంటుంది. 44 డిగ్రీలు కాసే మే నెలలో అవి వేసి తాగితే కడుపులో మంట తప్పదు. తేనె వేస్తే గోరువెచ్చగా అయ్యాకే. కషాయం ఏ రోజుది ఆ రోజే. ఎండాకాలంలో పొద్దున కాచింది సాయంత్రానికే పులిసిన వాసన పట్టి జిగురు సాగుతుంది. కుక్కర్లో పెట్టడం కూడా దండగే, మూత పెడితే నీళ్లు ఇగరవు.

ఇక నీళ్ల సంగతి. ఇది మనకే ప్రత్యేకం. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి పేరే ‘నల్లగొండ టెక్నిక్’. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు మాత్రమే పోతాయి. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు 400 మిల్లీలీటర్లు పోస్తే, ఆ 1.2 మిల్లీగ్రాములూ చివరి 100 మిల్లీలీటర్లలోకి చేరతాయి. తాగేది అరగిలాసే అయినా రెండు గిలాసల బోరు నీళ్లు తాగినట్టే. కాబట్టి కషాయానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ వాడాలి. క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడ్‌ను ఆపదు.

పొడి రోజుకు 3 గ్రాములు, గోరువెచ్చటి నీళ్లలో. నారతీగె కాబట్టి అసలు పొడి కొంచెం గరుకుగానే ఉంటుంది. పిండిపదార్థం ఎక్కువ కనుక వానాకాలంలో గడ్డకడుతుంది, పురుగు పడుతుంది. 100 గ్రాములకు మించి కొనొద్దు, గాజుసీసాలో పెట్టండి. ఇంట్లో చేసుకునేవాళ్లు ముక్కలను నిలువునా చీల్చి నీడన ఎండబెట్టాలి. చీల్చకపోతే పైకి ఎండినట్టు కనిపించి లోపల బూజు పడుతుంది.

గోలీల్లో చూర్ణం గోలీ వేరు, ఘనం గోలీ వేరు. చూర్ణమంటే ఉత్త పొడిని ఒత్తింది. ఘనమంటే కషాయాన్ని గట్టిపడేదాకా కాచి చేసింది. రెండిటి మీదా 500 మిల్లీగ్రాములనే రాసి ఉంటుంది, బలం మాత్రం ఒకటి కాదు. 2020 అక్టోబరులో కోవిడ్ కోసం ఆయుష్ శాఖ ఇచ్చిన సూచనల్లో కూడా ఘనవటి (ఘనం గోలీ) రోజుకు రెండుసార్లు, 15 రోజులో నెలో అనే ఉంది. ఏడాది పొడవునా మింగమని లేదు. లైసెన్సు నంబరు లేని డబ్బా, భస్మాలు కలిపిన డబ్బా కొనకండి.

సత్తు అంటే దంచిన తీగెను రాత్రంతా నానబెట్టి, పిసికి, అడుగున పేరుకున్న తెల్ల పిండిని ఎండబెట్టింది. బోలెడు తీగెకు చారెడే వస్తుంది, అందుకే ధర, అందుకే కల్తీ. అయోడిన్ చుక్క వేసి పరీక్షించమని కొందరు సలహా ఇస్తారు. అసలు సత్తూ పిండిపదార్థమే, కల్తీకి కలిపే గంజిపిండీ అదే. రెండూ నీలం తిరుగుతాయి, ఏమీ తేలదు.

తేలిగ్గా తీసుకోకూడనిది కాలేయం సంగతి. 2022లో మన దేశంలోనే 13 ఆస్పత్రుల వైద్యులు తిప్పతీగె వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రచురించారు. వేరే తీగెతో పొరపాటు పడి ఉంటారని ఆయుష్ శాఖ వాదన. వాదన ఎటు తేలినా జాగ్రత్త ఒకటే. మూత్రం ముదురు పసుపుగా వస్తే, ఒళ్లంతా దురద పెడితే, అన్నం చూస్తేనే వెగటు పుడితే అదే రోజు ఆపి కాలేయ పరీక్ష చేయించాలి. కీళ్లవాతం (రుమటాయిడ్), లూపస్, సోరియాసిస్, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు అసలు ముట్టొద్దు. వాళ్లకు రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టడమే ప్రమాదం. గర్భిణులకూ వద్దు. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లకు చక్కెర మరీ పడిపోవచ్చు, డాక్టరుకు చెప్పి, రోజూ చూసుకుంటేనే తాగాలి. డెంగీ వచ్చినప్పుడు దీన్ని నమ్ముకుని ఆస్పత్రికి వెళ్లకుండా కూర్చోవడం ఒట్టి మూర్ఖత్వం.

ఏటా వాడే ఇంట్లో తీగె పెంచుకోవడమే మేలు. తొలకరికి రెండు మూడు కణుపులున్న ముక్కను వేపచెట్టు మొదట్లో ఏటవాలుగా గుచ్చితే చాలు. చెల్క నేలలో ఇట్టే నాటుకుంటుంది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది, అక్కడైతే మట్టి ఎగదోసి నాటాలి. మొదటి ఏడు కొయ్యొద్దు. రెండో ఏటి నుంచి ముదురు కాడ కొంత కోసుకుని, ఊడలు నేలకు దిగిన కొసలు వదిలేస్తే మళ్లీ పాకుతుంది.