ఒకే పాట, అయిదు ప్రతులు: ఇరవై రెండేళ్ల వినికిడి

హనుమకొండలోని మా ఇంటి ముందుగదిలో ఒక అర నిండా ఉన్నవి రెండే రెండు సినిమాల పాటలని చెబితే చూడవచ్చినవారు నవ్వుతారు. ఒకటి 1957 నాటి ‘మాయాబజార్’, మరొకటి 1980 నాటి ‘శంకరాభరణం’. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు, చిన్న వినైల్ రికార్డులైన ఈపీలు, పెద్దవైన ఎల్పీలు, క్యాసెట్లు, సీడీలు, చివరగా కంప్యూటర్లో దాచుకున్న ఫైళ్లు, ఇలా ఎన్ని రూపాల్లో దొరికితే అన్ని రూపాల్లో వీటిని సేకరించి, పక్కపక్కన పెట్టి వింటూ ఇరవై రెండేళ్లు గడిచాయి. ఏ ప్రతి కొనదగినదో, ఏది షోకేసుకే పరిమితం కావాలో నా అనుభవం మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదట క్యాసెట్ సంగతి. ‘శంకరాభరణం’ క్యాసెట్ వింటూ పక్కన శ్రుతిపెట్టె పెట్టుకుని పాడుకునే అలవాటు నాకు ఉండేది. అయితే ఎన్నిసార్లు సరిచేసినా పాట శ్రుతి రెండు మెట్ల మధ్య ఇరుక్కుని ఏ మెట్టుమీదా నిలిచేది కాదు. చాలాకాలం నా చెవినే అనుమానించాను. ఎల్పీ దొరికాక అదే పాటను గడియారం పెట్టి చూస్తే, దాదాపు నాలుగు నిమిషాల పాట క్యాసెట్‌లో ఏడు సెకన్లు ముందే ముగిసిపోతోంది, అంటే వేగం మూడు శాతం ఎక్కువ, శ్రుతిలో అది సగం మెట్టు. మరో రెండు టేప్‌రికార్డర్లలో వేసినా అదే తేడా రావడంతో, పొరపాటు నా యంత్రంలో కాదు, నకలు తీసినచోటే జరిగిందని తేలింది. ఆ క్యాసెట్ వేసిన కంపెనీకి ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. పాడుకోవడానికి క్యాసెట్‌ను నమ్ముకున్నవారు ముందుగా ఈ పరీక్ష చేసుకోవడం మంచిది.

ఎల్పీ విషయంలో నా తీర్పు కొంత మెలిక తిరిగినది. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం, కె.వి. మహదేవన్‌ ముగ్గురికీ జాతీయ పురస్కారాలు తెచ్చిన ఆ పాటల్లో, గాయకుడు పల్లవి ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి, మృదంగం ఎడమవైపు మూత గుమ్మని మోగి సన్నగా ఆగడం ఎల్పీలో వినిపించినంతగా మరే ప్రతిలోనూ నాకు వినిపించలేదు. కానీ ప్రతి ముఖంలోనూ చివరి పాట దగ్గరికి వచ్చేసరికి శ, ష, స అక్షరాలు బుసకొట్టడం మొదలవుతుంది. ఇది రికార్డు అరిగిపోవడంవల్ల మాత్రమే వచ్చేది కాదు. పళ్లెం తిరిగే వేగం మారదు గానీ, అంచున సెకనుకు యాభై సెంటీమీటర్ల చొప్పున పిన్ను కింద సాగే గాడి, లేబుల్ దగ్గరికి చేరేసరికి ఇరవై చిల్లర సెంటీమీటర్లకు తగ్గుతుంది కాబట్టి అంతే శబ్దం సగానికన్నా తక్కువ జాగాలో ఇరుకుతుంది. అందువల్ల ముఖం మొదట్లో ఉన్న పాటలకు ఎల్పీ, చివరి పాటలకు సీడీ అన్నది నా ఏర్పాటు.

‘మాయాబజార్’ లక్క రికార్డులు వరంగల్ మట్టెవాడలో ఒకప్పుడు మైక్‌సెట్ నడిపిన ఇంట్లో దొరికాయి. “సారూ, ఇవి మా బాపు కాలంనాటివి, పెండ్లిళ్లల్ల మస్తు తిరిగినయ్” అంటూ ఆ ఇంటాయన గోనెసంచిలోంచి తీసి ఇచ్చాడు. తిరిగిన మాట నిజమే, గాడులు తెల్లబారి ఉన్నాయి. వాటిని ఇంటికి తెచ్చిన రోజే నేను చేసిన తెలివితక్కువ పని ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. టేప్‌రికార్డర్ హెడ్డు తుడిచే అలవాటుకొద్దీ, దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక ముఖమంతా రుద్దాను. దూది నల్లబడుతుంటే మురికి వదులుతోందని సంతోషించాను గానీ, వదులుతున్నది రికార్డే. గాజులకు వాడే లక్కే వీటిలోనూ ఉంటుంది, అది స్పిరిట్‌లో కరుగుతుంది. ఆ ముఖం మీద ఇప్పుడు పాట లేదు, గరగర మాత్రమే ఉంది. మిగిలినవాటిని చల్లని నీళ్లలో ఒక చుక్క సబ్బుతో, లేబుల్ తడవకుండా కడిగాను.

మరో జాగ్రత్త పిన్నుకు సంబంధించినది. 78 రికార్డు గాడి వెడల్పైనది, కాబట్టి దానికి ఎల్పీ పిన్నుకు మూడింతల మొన కావాలి. సన్నపిన్ను గాడి అడుగున చేరిన మురికిని గీరుతూ పోతుంది. పిన్ను మార్చి, పిన్ను దగ్గరినుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే ఎడమ, కుడి తీగలను ఒకటిగా కలిపాక, ఘంటసాల, పి. లీల పాడిన ‘లాహిరి లాహిరి’ వెనక గరగర గణనీయంగా తగ్గింది. మోనో గాడిలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా ఒకే ధ్వని ఉన్న గాడిలో, పాట పక్కలకే కదులుతుంది, పైకీ కిందికీ కదిలేది చాలావరకు దుమ్మూ అరుగుదలే. తీగలు కలిపినప్పుడు ఆ రెండోది రద్దవుతుంది. ఈ చిట్కాకు పైసా ఖర్చు లేదు.

2010 జనవరిలో ‘మాయాబజార్’ను రంగులద్ది, చుట్టూ ఉన్న స్పీకర్లలో మోగే డీటీఎస్ ధ్వనితో మళ్లీ విడుదల చేసినప్పుడు థియేటర్లో చూశాను. ఆ రంగులు నాకు నచ్చాయి, పాటలు నచ్చలేదు. గొంతూ వాద్యాలూ ఒకటిగా కలిసి రికార్డయిన మోనో ధ్వనిని గదంతా పరిచేసరికి, పాట తెరమీదినుంచి కాక బావిలోంచి వస్తున్నట్లు అనిపించింది. కొత్త సీడీలలోనూ, ఫైళ్లలోనూ కొన్నింటికి ఇదే జబ్బు ఉంది. పాత గరగర తీసేస్తామని గీకి, దానితోపాటు తంబుర నాదాన్నీ గీకేశారు, ఆపై అన్నింటినీ ఒకే ఎత్తుకు లేపి గట్టిగా మోగేట్టు చేశారు. గట్టిగా మోగేది మొదటి వినికిడిలో మేలుగానే తోస్తుంది. అందుకే నేను పోల్చేటప్పుడు అన్ని ప్రతుల శబ్దాన్ని ముందుగా సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా మా ఆవిడకు వినిపిస్తాను. పదింటిలో ఏడుసార్లు ఆమె పాత సీడీనే ఎంచింది, రికార్డును రెండుసార్లు. నా మొహమాటం కోసం కూడా మూడోసారి ఎంచలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఒక పాత సీడీ కొని, శ్రుతిపెట్టెతో సరిచూసుకుని, తర్వాతే రికార్డుల జోలికి వెళ్లాలి. రికార్డు కొనేటప్పుడు దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే గాడులు నల్లగా మెరవాలి, బూడిదరంగుకు తిరిగి ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. కొన్నాక నిలబెట్టి ఉంచాలి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకూడదు. మే నెలలో మా మేడమీది గదిలో అలా ఉంచిన ఒక ఎల్పీ పూరీలా ఉబ్బింది, ఇప్పుడు పిన్ను పెడితే చుట్టుకొకసారి ఎగురుతుంది.